చంటిబిడ్డల ఇంటి ఆపత్కాలపు ముల్లె

భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున నిలిపిన కొలబద్ద మీద నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు చేరితే రెండోది, 53 అడుగులకు చేరితే మూడోది జారీ అవుతాయన్న సంగతి నదికి ఈవలి ఒడ్డున ఉన్న సారపాకలో బడి పిల్లలకు కూడా తెలుసు. ఈ అంకెలు నది లోతును చెప్పేవి కావు. కొలబద్ద మీద గుర్తించిన ఒక స్థానం నుంచి నీరు ఎంత ఎత్తున ఉన్నదో చెప్పేవి మాత్రమే. హెచ్చరికకు, హెచ్చరికకు నడుమ ఉన్నది అయిదు అడుగుల నీరు. ఇంట్లో ఎనిమిది నెలల పసికందు, నాలుగేళ్ల పిల్ల ఉన్న ఆలుమగలు ఆ అయిదు అడుగుల వ్యవధిలో ఏమి సర్దుకోవాలి, ఎంత బరువు మోయగలరు, ఏ హెచ్చరిక దగ్గర గడప దాటాలి అన్నవి ఈ ప్రసంగం పరిశీలించే విషయాలు.

ఆపద వేళ చేతికందేలా ముందుగానే సర్ది ఉంచిన అవసర వస్తువుల సంచిని విపత్తు నిర్వహణ శాస్త్రంలో ఎమర్జెన్సీ కిట్ అని వ్యవహరిస్తారు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ప్రతి కుటుంబానికీ ఇటువంటి సంచి ఉండాలని సూచిస్తున్నది. తెలుగులో దీనికి కొత్త పేరు వెతకనక్కరలేదు. ఇల్లు విడిచి పోవలసి వచ్చినవారు తమకున్న విలువైనదాన్ని గుడ్డలో కట్టుకున్న చిన్న మూటను ముల్లె అంటారు; ఆ మాటకు ధనం, సొత్తు అన్న అర్థాలు కూడా ఉన్నాయి. మూటాముల్లె సర్దుకోవడమంటే ఊరు ఖాళీ చేయడమే కాబట్టి, కాపురం చక్కగా సాగుతున్న ఇంట్లో ముల్లె కట్టి ఉంచడం కొందరు పెద్దలకు అశుభంగా తోచవచ్చు. ప్రసవానికి ముందే బిడ్డకు బట్టలు కుట్టించకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లలో ఈ జంకు సహజమే. అయితే అటువంటి ఇళ్లలో కూడా నెలలు నిండిన కోడలి కోసం ఆసుపత్రికి తీసుకుపోయే సంచి తలుపు వెనక సిద్ధంగానే ఉంటుంది. ఆపత్కాలపు ముల్లె ఆ సంచికి కొనసాగింపు అనుకుంటే పట్టింపు కొంత సడలుతుంది.

సారపాకకు ఈ సంచి ఎందుకు అవసరమో తెలియాలంటే ఊరి ఉనికిని కొంచెం చూడాలి. పూర్వపు ఖమ్మం జిల్లాలో, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, బూర్గంపాడు మండలానికి చెందిన ఈ ఊరు గోదావరి కుడి గట్టున ఉంది. ఎదురుగా ఎడమ గట్టున భద్రాచలం. ఆ పట్టణానికి కరకట్ట, అంటే వరద నీరు ఊళ్లోకి పొర్లకుండా నది పొడవునా పోసిన గట్టు, ఉన్నది. బూర్గంపాడు వైపు పల్లెలకు 2022 వరదల నాటికి అటువంటి రక్షణ లేదు. పైగా బూర్గంపాడు దగ్గరే కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా పారుతున్నప్పుడు కిన్నెరసాని నీరు అందులో కలవలేక వెనక్కి తన్ని, వాగుల వెంట పొలాల మీదికి, రోడ్ల మీదికి ఎక్కుతుంది. ఎగపోటు అనేది ఇదే. నదికి దూరంగా ఉన్నామని ధీమాగా ఉన్న ఇంటికి నీరు ముందు నుంచి కాక వెనుక నుంచి రావడం ఈ ఎగపోటు వల్లనే జరుగుతుంది. గోదావరి అంకెను మాత్రమే వింటూ కిన్నెరసాని జలాశయం గేట్లు ఎన్ని ఎత్తారో వినని ఇల్లు సగం సమాచారంతో ఉన్నట్లే.

నమోదైన వరదలలో పెద్దది 1986 ఆగస్టు 16 నాటిది. ఆనాడు భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులు. 1990 ఆగస్టులో 70.8 అడుగులు, 2006 ఆగస్టులో 66.9 అడుగులు వచ్చాయి. పెద్ద వరద ఆగస్టులోనే, అంటే ఆశ్లేష, మఖ కార్తెల ప్రాంతంలోనే, వస్తుందన్న లెక్క ఈ అనుభవాల వల్ల స్థిరపడింది. 2022లో ఆ లెక్క తప్పింది. జులై 16న, పునర్వసు కార్తె ఇంకా సాగుతుండగానే, నీరు 71.3 అడుగులకు చేరింది. అంతకు రెండు రోజుల ముందు, జులై 14 సాయంత్రం, సారపాకను భద్రాచలంతో కలిపే వంతెన మీద రాకపోకలు నిలిపివేశారు. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన ఆ వంతెన మీద వరద వల్ల రాకపోకలు ఆగడం 1986 తర్వాత అదే మొదలు. సారపాక కుటుంబానికి పెద్ద ఆసుపత్రి, పెద్ద బజారు, దూరపు బస్సులు చాలావరకు వంతెనకు ఆవలే ఉన్నాయి కనుక, వంతెన మూతపడిన రోజున ఇంట్లో ఉన్న మందే మందు, ఇంట్లో ఉన్న పాలే పాలు.

2022 వరదలో ఇంకొక విశేషం కూడా ఉంది. నీరు ఒకమారు మూడో హెచ్చరిక దాటి, కాస్త తీసినట్టే తీసి, మళ్లీ ఉధృతంగా పెరిగింది. కొలబద్ద మీద అంకె దిగగానే సర్దిన మూట విప్పడం, పునరావాస కేంద్రం నుంచి పిల్లలను వెనక్కి తేవడం ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి వంటి ఉపనదుల పరీవాహక ప్రాంతాలలో, అంటే వాటిలోకి వాన నీరు చేరే నేలలో, వర్షం ఆగిందా లేదా అన్నది తేలే వరకు భద్రాచలం అంకె తగ్గినా నమ్మకం లేదు. ఎగువ నీరు ఇక్కడికి చేరడానికి చాలా గంటలు, ఒక్కొక్కప్పుడు రోజుకు పైబడి పడుతుంది. కేంద్ర జల సంఘం ఎగువ కేంద్రాల కొలతలను బట్టి ముందస్తు అంచనా ఇవ్వగలుగుతున్నది అందుకే. కాబట్టి గోదావరి వరద చెప్పకుండా వచ్చే ఆపద కాదు. అది చెప్పే మాట వినడానికి ఇంట్లో ఎవరు తీరికగా ఉన్నారన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న సారపాకలో కొంచెం జటిలమైనది. 1979లో ఉత్పత్తి ప్రారంభించిన కాగితపు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు ఇది. పని కోసం ఇతర జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి అద్దె గదులలో ఉంటున్న పడుచు జంటలు ఇక్కడ చాలామంది. 1986ను కళ్లారా చూసిన అత్తమామలు వాళ్ల ఇళ్లలో ఉండరు. భర్త రాత్రి షిఫ్టులో ఉండగా నీరు పెరిగితే నిర్ణయం తీసుకోవలసింది పసిబిడ్డతో ఒంటరిగా ఉన్న ఇల్లాలు. అడవి అంచున గుడిసెలు వేసుకున్న వారిలో ఛత్తీస్‌గఢ్ నుంచి తరలి వచ్చిన గొత్తికోయ కుటుంబాలు కూడా ఉన్నాయి. వారికి తెలుగులో వచ్చే హెచ్చరిక పూర్తిగా అందుతుందన్న భరోసా లేదు. ముల్లె కట్టడంలో మొదటి పని అందువల్ల సామాను కొనడం కాదు. భర్త లేనప్పుడు ఎవరు పిలుస్తారు, ఎవరి బండి మీద ఎక్కాలి, ఎక్కడ కలుసుకోవాలి అన్నవి ఒక కాగితం మీద రాసి సంచిలో వేయడం. ఆ కాగితం బరువు తులమైనా ఉండదు.

మిగతా సామానుకు మాత్రం బరువు ఉంది, చాలామంది తప్పు చేసేది అక్కడే. తల్లి చంకలో ఎనిమిది కిలోల బిడ్డ, తండ్రి భుజం మీద పదిహేను కిలోల పిల్ల, కాళ్ల కింద బురద, పైన వాన. ఈ స్థితిలో ఆ ఇద్దరూ కలిసి అదనంగా మోయగలిగేది ఏడెనిమిది కిలోలకు మించదు. మనిషికి తాగడానికీ, కనీసపు వంటకూ రోజుకు మూడు లీటర్ల నీరు చొప్పున నలుగురికి మూడు రోజులకు లెక్క వేస్తే 36 లీటర్లు, అంటే 36 కిలోలు అవుతుంది. పట్నపు మేడల కోసం రాసిన పుస్తకాలలోని జాబితాలు ఈ నీటిని నిల్వ చేయమంటాయి. మేడ మీదే ఉండిపోయే ఇంటికి అది సరైన సలహా. ఇల్లు వదిలి పోయే ఇంటికి కాదు. సారపాక కుటుంబం మోయవలసింది నీటిని కాదు, నీటిని శుభ్రం చేసుకునే సాధనాన్ని. ఒక్కపూటకు సరిపడా రెండు లీటర్ల కాచి చల్లార్చిన నీరు, ఒక అట్ట క్లోరిన్ బిళ్లలు, మూత ఉన్న ఒక స్టీలు గిన్నె ఉంటే చాలు.

క్లోరిన్ బిళ్ల నీటిలో కరిగి సూక్ష్మజీవులను చంపుతుంది, కాని బురద నీటిలో దాని శక్తి బురదతోనే ఖర్చయిపోతుంది. అందుచేత ముందు నీటిని తేరనిచ్చి, వడగట్టి, ఆ తర్వాత ప్యాకెట్టు మీద రాసిన కొలత ప్రకారం బిళ్ల వేసి అరగంట ఆగాలి. వడగట్టడానికి పాత నూలు చీరను మించినది లేదు. రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం బంగ్లాదేశ్ పల్లెలలో జరిపి 2003లో ప్రకటించిన పరిశోధనలో, పాత చీర గుడ్డను మడతలు వేసి నీరు వడగట్టుకున్న ఇళ్లలో కలరా 48 శాతం తగ్గినట్లు తేలింది. కలరా క్రిమి నీటిలోని సన్నని జలచరాలను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి వాటిని ఆపితే క్రిమి కూడా చాలావరకు ఆగిపోతుంది. కొత్త గుడ్డ కంటే ఉతికి ఉతికి పోగులు దగ్గరపడిన పాత చీర మేలు. వంట చెరకో, గ్యాసో దొరికితే మాత్రం తెర్లేలా ఒక నిమిషం కాచిన నీటిని మించిన భద్రత లేదు.

పసిబిడ్డ ఆహారం దగ్గర ఈ సంచి మిగతా సంచులన్నిటి కంటే భిన్నమవుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ, నీరు సైతం, అవసరం లేదు. ఆ బిడ్డ కోసం సర్దవలసింది తల్లి తిండి, తల్లి తాగే నీరు. భయానికి పాలు ఎండిపోతాయన్న నమ్మకం ఊళ్లలో ఉంది. ఆందోళన వల్ల పాలు చేపడం కాసేపు ఆలస్యం కావచ్చు గాని, బిడ్డను తరచుగా రొమ్ముకు పట్టిస్తూ ఉంటే పాలు వస్తూనే ఉంటాయి. వరద వేళ ఉదారంగా పంచే పాలపొడి డబ్బాలూ, పాలసీసాలూ తరచు మేలు కన్నా కీడే చేస్తాయి. కలుషిత నీటితో కలిపిన పొడి, కడగడానికి వీలులేని రబ్బరు పీకె బిడ్డకు విరేచనాలు తెచ్చిపెడతాయి. పాలసీసాల, శిశు పాలపొడుల ప్రచారాన్ని, ఉచిత పంపిణీని కట్టడి చేస్తూ 1992లో దేశంలో చట్టం వచ్చిందంటే ఈ సమస్య ఎంత పాతదో ఊహించవచ్చు. పై పాలు తప్పనిసరి అయిన బిడ్డకు సీసాకు బదులు గిన్నెతో పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ముక్కు ఉన్న ఆ చిన్న గిన్నెను తెలుగు ఇళ్లు ఉగ్గుగిన్నె అన్న పేరుతో ఎప్పటినుంచో వాడుతున్నాయి. బారసాలకు వచ్చిన వెండి ఉగ్గుగిన్నె బీరువాలోనే ఉండవచ్చు. సంచిలోకి స్టీలుది చాలు, దాన్ని వేడి నీటిలో ముంచి తీస్తే శుభ్రమవుతుంది.

ఏడు నెలలు నిండిన బిడ్డకు అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల చొప్పున ఇచ్చే బాలామృతం ఈ సంచికి చేసి పెట్టినట్టే ఉంటుంది. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన ఆ పిండికి మళ్లీ పొయ్యి అవసరం లేదు. కాచిన నీటిలో కలిపితే ఆహారం. రోజుకు వంద గ్రాముల లెక్కన మూడు రోజులకు మూడు వందల గ్రాములు ఒక బిగుతు మూత డబ్బాలో పోసి ఉంచితే చాలు, మొత్తం ప్యాకెట్టు మోయనక్కరలేదు. పెద్దలకూ, పెద్ద పిల్లకూ అటుకులు, పుట్నాలు, బెల్లం, పల్లీలు. ఇవి తేలిక, పాడవవు, పొయ్యి అడగవు. బిస్కెట్లు వద్దనడం వృథా. నాలుగేళ్ల పిల్ల పునరావాస కేంద్రంలో అర్ధరాత్రి ఏడ్చినప్పుడు పుట్నాలు పని చేయవు.

మందుల విషయంలో సంయమనం అవసరం. ఓఆర్ఎస్, అంటే నోటి ద్వారా ఇచ్చే లవణ ద్రావణపు పొడి, పొట్లాలు నాలుగైదు ఉండాలి. ఒక్కో పెద్ద పొట్లం సరిగ్గా లీటరు నీటిలో కలపాలి, సగం పొట్లం అరగ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు చక్కెర, ఉప్పు కలిపిన ఇటువంటి నీటినే డ్రమ్ముల్లో కలిపించి తాగించి, కలరా మరణాలను బాగా తగ్గించగలిగారు. అంటే ఈ పొడి ప్రచారంలోకి రావడమే శిబిరాలతో ముడిపడినది. పొట్లం లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి కలుపుకోవచ్చు. విరేచనాలకు ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింకు బిళ్లలు, జ్వరానికి పారాసెటమాల్ సిరప్పు, దాన్ని కొలవడానికి సూది లేని సిరంజి కూడా కావాలి. పారాసెటమాల్ మోతాదు వయసును బట్టి కాక బిడ్డ బరువును బట్టి ఉంటుంది కనుక, ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్త చేత బరువు తూయించి, ఎన్ని మిల్లీలీటర్లో సీసా మీదే రాయించుకోవాలి. దగ్గు సిరప్పుకు ఈ సంచిలో చోటు లేదు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్పులు ఇవ్వవద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ అధికారులు మళ్లీ హెచ్చరించారు. ఇంట్లో బీపీకో, షుగరుకో, మూర్ఛకో రోజూ మందు వేసుకునేవారు ఉంటే వారం రోజుల మందు వేరుగా తీసి పెట్టడం వీటన్నిటికన్నా ముందు రావలసిన మాట.

అడవి పక్కన ఉన్న ఊరికి మరొక చిక్కు పాములు. పుట్టలోకి నీరు చేరగానే అవి కూడా మనుషుల మాదిరే ఎత్తయిన చోటు వెతుక్కుంటాయి. గోడ మూల, కట్టెల మోపు, చివరకు బడిగదిలో పరచిన చాప. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరిచే స్వభావం గలది, నొప్పి కూడా అంతగా తెలియదు. అందువల్ల ముల్లెలో తప్పక ఉండవలసిన వస్తువు దోమతెర. ఏజెన్సీ పల్లెలలో మలేరియా నివారణకు పంచిన మందు పూసిన దోమతెరను చాప కిందికి గట్టిగా దోపి పడుకుంటే దోమ నుంచీ, కట్లపాము నుంచీ ఒకే గుడ్డ కాపాడుతుంది. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం ప్రమాదం. కరిచిన కాలో చెయ్యో కదలకుండా దబ్బకట్టి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అన్న నాలుగింటి విషానికీ విరుగుడుగా ఒకే మందు ఆసుపత్రులలో ఉంటుంది. దాన్ని ఇంట్లో ఉంచుకునే వీలు లేదు. వంతెన మూసిన రోజున ఏ ఆసుపత్రికి ఏ దారిన పోవాలో ముందే అడిగి తెలుసుకోవడం కూడా సంచిలో వేసుకునే వస్తువులలో ఒకటిగానే లెక్కించాలి. నెలలు నిండిన గర్భిణులను వరదకు ముందే ఆసుపత్రికి తరలించే పద్ధతి ఈ జిల్లాలో ఉన్నది అందుకే. ఆశా కార్యకర్త పిలిచినప్పుడు రేపు చూద్దాం అనడం తగదు.

సంచిలో చోటు తక్కువైనప్పుడు రెండు పనులకు వచ్చే వస్తువుకు ప్రాధాన్యం ఇవ్వాలి, ఆ లెక్కన పాత నూలు చీరకు పోటీ లేదు. నడిచేటప్పుడు బిడ్డను కట్టుకునే జోలె, చేరిన చోట ఉయ్యాల, నీటికి వడగుడ్డ, తల్లి పాలిచ్చేటప్పుడూ బట్టలు మార్చుకునేటప్పుడూ అడ్డుతెర, ఇవన్నీ అదే. రెండు చీరలు ఉంటే బిడ్డ పొత్తిగుడ్డలు కొన్ని తగ్గించుకోవచ్చు. ఒకసారి వాడి పారేసే డైపర్లు ప్రయాణానికి మూడో నాలుగో చాలు. నీట నానితే అవి రాళ్లలా బరువెక్కుతాయి. స్త్రీలకు నెలసరి గుడ్డలో ప్యాడ్లో తప్పనిసరి. పునరావాస కేంద్రంలో పురుష సిబ్బందిని వాటి కోసం అడగవలసి రావడం ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు.

కాగితాల సంగతి వేరు. 2022 వరద తరువాత ముంపు కుటుంబాలకు తక్షణ సాయంగా 10,000 రూపాయలు, రెండు నెలల పాటు 20 కిలోల బియ్యం ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి భద్రాచలంలో ప్రకటించారు. ఇటువంటి సాయమేదైనా ఇల్లు ఎవరిది, ఖాతా ఎవరిది అన్న ప్రశ్నలు దాటుకునే రావాలి; అద్దె ఇంటివారికి మొదటి ప్రశ్నే పెద్ద అడ్డు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, అద్దె రసీదు, పట్టాదారు పాస్‌బుక్కు లేదా 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా, కుల ధ్రువీకరణ పత్రం, ఇవన్నీ జిరాక్సులు తీసి, అసలువాటిని రెండు పాలిథిన్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టి కట్టాలి. బిడ్డ టీకాల కార్డు వీటితోనే ఉండాలి; ఏ టీకా పడిందో తెలియని బిడ్డకు శిబిరంలో ఏ టీకా వేయాలో చెప్పడం డాక్టరుకు కూడా కష్టం. అన్నింటి ఫొటోలు ఫోనులో ఉంచుకోవడం మంచిదే, కాని ఫోను నీట పడితే ఆ ఫొటోలూ పడతాయి. ఊరవతల ఉన్న ఒక దగ్గరి బంధువుకు కూడా పంపి ఉంచాలి. చిన్నపిల్ల మెడలోనో జేబులోనో తల్లి పేరు, ఊరు, ఫోను నంబరు రాసిన చీటీ ప్లాస్టిక్ కవరులో వేసి కట్టడం మరువరాదు. నాలుగేళ్ల పిల్లను అడిగితే తన తల్లి పేరు అమ్మ అనే చెబుతుంది.

కరెంటు పోయి సెల్ టవర్లు మూగబోయినప్పుడు ఈ మాటలు వినిపిస్తున్న పెట్టె పని మొదలవుతుంది. ఆకాశవాణి కొత్తగూడెం కేంద్రం ప్రసారాలు వినడానికి ఇంటర్నెట్టు అక్కరలేదు. రెండు సెల్లులతో నడిచే చిన్న రేడియో చాలు. దానితో పాటు టార్చి లైటు, నిండా చార్జి చేసిన పవర్ బ్యాంకు, ఒక విజిల్, అగ్గిపెట్టె, చిన్న నోట్లలో కొంత నగదు ఉండాలి. ఫోను ద్వారా చెల్లించే అలవాటు పడినవారి జేబులో పది రూపాయల నోటు కూడా దొరకని రోజులివి. 112, 108, జిల్లా కంట్రోల్ రూము 1077 నంబర్లను ఫోనులోనే కాక కాగితం మీద కూడా రాసుకోవాలి.

ఇప్పుడు అంకెల దగ్గరికి మళ్లీ రావాలి. హెచ్చరికల సోపానం ఊరంతటి కోసం తయారైనది. బలమైన కాళ్లున్న మనిషి మూడో హెచ్చరిక దాకా ఆగి, సామాను అటక ఎక్కించి, పశువుల పలుపులు విప్పి, అప్పుడు బయలుదేరినా గట్టెక్కగలడు. చంటిబిడ్డ ఉన్న ఇల్లు ప్రతి హెచ్చరికనూ ఒక మెట్టు ముందుగా చదువుకోవాలి. 43 అన్న మాట వినగానే సంచిలో ఆహారం, కాచిన నీరు చేర్చడం, ఫోన్లు చార్జి చేయడం, బియ్యం డబ్బా, బడి పుస్తకాలు ఎత్తున పెట్టడం పూర్తి కావాలి. 48 దగ్గర తల్లీ పిల్లలూ ఎత్తయిన చోట ఉన్న బంధువుల ఇంటికో, పునరావాస కేంద్రానికో పగటి వెలుగు ఉండగానే చేరిపోవాలి. భర్తో మామగారో వెనుక ఉండి మెయిన్ స్విచ్చి ఆపి, గ్యాస్ రెగ్యులేటరు కట్టేసి, సిలిండరు నీటికి తేలిపోకుండా కిటికీ ఊచకు తాడుతో బిగించి రావచ్చు. తీరా 53 రాకుండా నది శాంతిస్తే, పిలవని పేరంటానికి పోయినట్టు రెండు రాత్రులు పుట్టింట్లో గడిపి వచ్చారని ఇరుగుపొరుగు నవ్వవచ్చు. ఆ నవ్వుకు వెరచి ఆగడమే ఎక్కువమంది చేసే పొరపాటు. సర్ది ఉంచిన ముల్లె చేసే అసలు మేలు ఇక్కడ ఉంది. సర్దడానికి మూడు గంటలు పట్టే ఇల్లు బయలుదేరడానికి జంకుతుంది, కొక్కేనికి వేలాడుతున్న సంచిని భుజాన వేసుకుంటే చాలు అన్న ఇల్లు జంకదు.

అంకె లేకుండా వచ్చే ఆపద కూడా ఒకటి ఉంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో అయిదు పాయింట్లు దాటిన భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర వేళ ములుగు అడవుల్లో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు గోదావరి రెండు ఒడ్డుల వారూ ఇళ్ల బయటికి పరుగెత్తారు. అప్పుడు సర్దుకునే వ్యవధి క్షణాలే. అందుకని సంచి ఉండవలసిన చోటు బీరువా పైన కాదు, తలుపు పక్కన. టార్చి, చెప్పులు ఉండవలసిన చోటు మంచం కింద.

రోహిణి కార్తె ముగుస్తుండగా, మృగశిర రాకముందు ఒకసారి, దీపావళి దాటాక ఒకసారి ఈ సంచిని విప్పి చూడాలి. బాలామృతానికి పురుగు పడుతుంది, సెల్లులు కారుతాయి, క్లోరిన్ బిళ్లలు చెమ్మకు మెత్తబడతాయి, సిరప్పుల గడువు తీరుతుంది. వీటికన్నా వేగంగా మారేది బిడ్డ. జూన్‌లో పెట్టిన చొక్కా నవంబరులో భుజాల దగ్గర పట్టదు. సిరప్పు సీసా మీద రాయించిన మిల్లీలీటర్ల అంకె పెరిగిన బరువుకు సరిపోదు. ఉగ్గుగిన్నె అవసరం తీరి గ్లాసు అవసరం మొదలవుతుంది. మరుసటి ఏడాది గోదావరికి ఎర్రనీరు దిగే నాటికి ఆ బిడ్డ చంకలోంచి దిగి నడుస్తుంటాడు కనుక, సంచిలో ఒక జత చిన్న చెప్పులు చేర్చాలి.